మూడో తీగ

ఆ ఆఫీసులో ఆమెను అందరూ పిచ్చుక అనేవారు. పొద్దున తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టింది మొదలు సాయంత్రం సంచీ భుజాన వేసుకునేదాకా ఆమె నోరు మూతపడదు. మనిషి కూడా సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఎవరో సరదాకి అన్న మాట అలాగే స్థిరపడిపోయింది. ఆమెకు కోపమేమీ లేదు. "నయం, కాకి అన్నారు కాదు" అనేది.

అది చిన్న ప్రింటింగు ఆఫీసు. మెట్లెక్కగానే ముందుగదిలో కౌంటరు, దాని వెనక కంప్యూటర్లు. లోపలి గదిలో కాగితం కత్తిరించే యంత్రం, బైండింగు బల్ల, గోడ వారగా లామినేషన్ మిషను. గుర్తింపు కార్డులు, బడిపిల్లల పటాలు, హోటళ్ల ధరల పట్టికలు ఆ మిషను వేడి రోలర్ల మధ్య నుంచి దూరి, గాజు తొడుక్కున్నట్టు మెరుస్తూ బయటికి వచ్చేవి. ఆ మిషను పిచ్చుకది. అంటే కొన్నది ఆఫీసే, కానీ ఇంకెవరైనా దాని మీద చెయ్యి వేస్తే ఆమెకు గిట్టదు.

బైండింగు బల్లకు అవతల ప్రూఫులు దిద్దే పెద్దాయన కూర్చునేవాడు. ఆయనకు నిదానం అని పేరు పెట్టింది పిచ్చుకే. కళ్లజోడు తీసి, తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ తుడిచి పెట్టుకుంటే తప్ప ఆయన పని మొదలుపెట్టడు. ఒక అక్షరం దగ్గర అనుమానం వస్తే నిఘంటువు తీసి, ఆ పేజీలో ఉన్న మిగతా మాటలు కూడా చదివి మరీ మూస్తాడు.

"బాబాయ్‌గారూ, మీ చేతికి పెళ్లికార్డు ఇస్తే అది అచ్చయ్యేసరికి వాళ్లకి పిల్లలు పుడతారండీ" అనేది పిచ్చుక.

"పుట్టనీ అమ్మా. పుట్టినరోజు కార్డులు కూడా మనకే ఇస్తారు" అనేవాడాయన, తల ఎత్తకుండా.

బడులు తెరిచే రోజులు. పని గుట్టలుగా పడి ఉంది. అలాంటి సమయంలో కుర్చీ కాలు కింద పడి లామినేషన్ మిషను ప్లగ్గు పగిలింది. ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేస్తే రేపు వస్తానన్నాడు.

"రేపటిదాకా ఆగితే కొంప మునుగుతుంది" అన్నాడు మేనేజరు. మంచివాడే, పని ఆగితే మాత్రం కాలు నిలవదు. సొరుగులన్నీ వెతికి ఎక్కడిదో పాత రెండు పిన్నుల ప్లగ్గు పట్టుకొచ్చాడు. "ఎంతసేపు! చిటికెలో పని" అంటూ కత్తెరతో వైరు కొస కత్తిరించాడు. లోపల మూడు తీగలు కనిపించాయి. ప్లగ్గులో ఉన్నవి రెండు స్క్రూలే.

"ఈ పచ్చదేంటి సార్?" అని అడిగింది పిచ్చుక.

"ఏదో ఎక్స్‌ట్రా ఇస్తారు. మొన్నటిదాకా మా ఇంట్లో ఇస్త్రీపెట్టె రెండింటి మీదే నడిచింది" అంటూ ఆ మూడో తీగను మడిచి ప్లగ్గు లోపలికి నెట్టి మూత బిగించాడు. మిషను వెలిగింది, రోలర్లు వేడెక్కాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట నిదానం ప్రూఫులు చూపించడానికి బయటికి వెళ్లాడు. ఆయన వచ్చేసరికి మిషను మామూలుగా తిరుగుతోంది కాబట్టి ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఊడ్చి తుడిచిన నేల ఇంకా ఆరలేదు. జారుతానేమోనని పిచ్చుక చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చింది. వెలుతురు చాలక మిషనును కిటికీ వైపుకు లాగింది. వైరు బిర్రుగా సాగింది. ఆమె దాన్ని గమనించలేదు. కౌంటరు దగ్గర కూర్చున్న టైపు అమ్మాయితో తన కూతురు బడిలో చేసిన అల్లరి చెబుతూ స్విచ్చు వేసింది. మిషను ఇనుప ఒంటి మీద ఎడమ చెయ్యి ఆనించింది.

"మా బుజ్జిది టీచరుతో ఏమందంటే..."

అక్కడ మాట ఆగిపోయింది.

పిచ్చుక మాట మధ్యలో ఆగడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. టైపు అమ్మాయి నవ్వుతూ వెనక్కి తిరిగి చూసింది. పిచ్చుక చెయ్యి మిషనుకు అతుక్కుపోయి ఉంది. ఒళ్లంతా బిగుసుకుపోయి సన్నగా వణుకుతోంది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. పిచ్చుకకు మాత్రం అంతా తెలుస్తూనే ఉంది. చెయ్యి తియ్యాలని తెలుసు, కానీ ఆ చెయ్యి తనది కాదు. ఎవరో భుజం దాకా పట్టుకుని మెలిపెడుతున్నట్టుంది. బుజ్జిదాని జడ సరిగా వెయ్యలేదే అన్న ఆలోచన ఒక్కటే బుర్రలో ఉంది.

టైపు అమ్మాయి కెవ్వున అరిచింది. మేనేజరు చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోవద్దు! ఎవరూ ముట్టుకోవద్దు!"

ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నిదానం లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. ప్రూఫులు నేలంతా చెదిరాయి. ఆయన మిషను వైపు రాలేదు. మేనేజరును మోచేత్తో పక్కకు నెట్టి, ముందుగదిలోకి పరుగు తీశాడు. ఒక చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. మెట్ల పక్కనున్న మెయిన్ స్విచ్చు పిడి పట్టుకుని కిందికి లాగేశాడు.

ఫ్యాన్లు నెమ్మదించాయి. కంప్యూటర్లు నల్లబడ్డాయి. పిచ్చుక పిండిబొమ్మలా కూలిపోతుంటే అప్పుడు పట్టుకున్నాడు మేనేజరు.

నిదానం ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోంది. ఆమె కళ్లు తెరిచి లేవబోయింది.

"నాకేం కాలేదు బాబాయ్‌గారూ."

"పడుకో. అయిందో లేదో నువ్వూ నేనూ చెప్పేది కాదు, డాక్టరు చెప్పాలి. గుండె సంగతి పైకి కనపడదమ్మా."

ఆస్పత్రిలో ఛాతీ మీద వైర్లు అంటించి గుండె తీరు చూశారు. సాయంత్రం దాకా పక్క దిగనివ్వలేదు. అరచేతిలో చిన్న తెల్లమచ్చ తప్ప ఇంకేమీ లేదని తేల్చి, "వెంటనే కరెంటు ఆపారు కాబట్టి సరిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏం చెప్పేదాన్నో తెలీదు. ఎవరో గానీ బుద్ధిమంతుడు" అంది డాక్టరు. బస్సు నడిపే పిచ్చుక భర్త యూనిఫారంతోనే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆ మాట విని గోడ వైపు తిరిగి చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు.

ఒంటికి తగ్గింది గానీ పిచ్చుకకు భయం పట్టుకుంది. ఇంట్లో ఏ స్విచ్చు ముట్టుకోవాలన్నా చెయ్యి వెనక్కి వచ్చేసేది. చీకటి పడితే లైటు వెయ్యమని భర్తకు చెప్పేది. ఆయన డ్యూటీలో ఉంటే అత్తగారికి చెప్పేది. ఒక రోజు అత్తగారు స్నానంలో ఉండగా బుజ్జిది స్టూలెక్కి ఫ్యాను స్విచ్చు మీద చెయ్యి వేసింది. పిచ్చుక పిల్లను స్టూలు మీద నుంచి ఒక్క ఊపున లాగేసింది. పిల్ల బిత్తరపోయి ఏడ్చింది. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పిచ్చుక కూడా ఏడ్చింది.

అత్తగారు తడితలతో వచ్చి ఇద్దర్నీ చూసింది.

"ఇలా అయితే లాభం లేదే అమ్మాయ్. నాకు నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే ఇల్లు ఇల్లులా లేదు. పద, ముందు ఆ మహానుభావుడి ఇంటికి వెళ్లి దణ్ణం పెట్టొద్దాం. నిన్ను మాకు దక్కించిన మనిషి గుమ్మం ఇంకా తొక్కలేదు మనం."

సెలవు రోజు పొద్దున అత్తాకోడళ్లు ఒక సంచీ నిండా నారింజపళ్లు పట్టుకుని వెళ్లారు. తలుపు తీసింది నిదానం భార్య. చేతిపని నేర్పే కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే పంతులమ్మ. బొద్దుగా, చలాకీగా ఉంది. జడముడిలో పెన్ను గుచ్చుకుని ఉంది.

"నువ్వేనా పిచ్చుకవి? మా ఆయనకి నిదానం అని పేరు పెట్టింది నువ్వేనా?"

పిచ్చుకకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "పిన్నిగారూ, అది... ఏదో సరదాకి..."

"నేను ముప్ఫయ్యేళ్ల నుంచీ వెతుకుతున్న మాట అది. రా, లోపలికి రా!"

నిదానం కళ్లజోడు తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చాడు. అత్తగారు లేచి చేతులు జోడించబోతే కంగారుపడి తనే జోడించాడు. "నాదేముందండీ! ఇంట్లో అన్నంతో పాటు రోజూ వడ్డించేది ఇదే. కరెంటు పట్టుకున్న మనిషిని ముట్టుకోకు, ముందు కరెంటు ఆపు. మెయిన్ ఎక్కడుందో తెలియకుండా ఏ గదిలోనూ కూర్చోకు. సినిమా హాలుకు వెళ్లినా ఈవిడ ముందు అదే చూస్తుంది. మీరు దణ్ణం పెట్టాలంటే ఈవిడకి పెట్టాలి."

"నాకు వద్దు" అంది పంతులమ్మ. "నా చిన్నప్పుడు మా నాన్న తడిచేత్తో మోటారు పట్టుకున్నాడు. మా అమ్మ ఆయన మీద పడబోతుంటే, పై వాటాలో ఉండే ఆవిడ మా అమ్మని జుట్టు పట్టి వెనక్కి లాగి, స్విచ్చు కట్టేసింది. అమ్మా నాన్నా ఇద్దరూ దక్కారు. అప్పుడే అనుకున్నాను, నేర్చుకుంటే ఇదే నేర్చుకోవాలని. ఆవిడ తర్వాత ఇల్లు మారిపోయింది. మళ్లీ కనపడలేదు. ఆ దణ్ణం ఏదో ఆవిడకి చేరాలి."

పిచ్చుక కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది. తర్వాత తను చెప్పుకోవడానికి వచ్చింది ఇదే అన్నట్టు నెమ్మదిగా అంది. "పిన్నిగారూ, నాకు స్విచ్చంటే భయంగా ఉంది. నా భయం పిల్లకి కూడా అంటిస్తున్నాను."

పంతులమ్మ ఓదార్చలేదు. లోపలికి వెళ్లి ఆ పాత ప్లగ్గు తెచ్చి బల్ల మీద పెట్టింది. మేనేజరును అడిగి నిదానం తెచ్చిపెట్టాడట. వైరు ముక్క ఇంకా దానికే ఉంది, రెండో కొస దేనికీ తగిలించి లేదు. పిచ్చుక కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"ఇది చచ్చిన పాము. దగ్గరికి రా" అంటూ పంతులమ్మ మూత విప్పింది. "ఈ కాఫీరంగు తీగలో కరెంటు వస్తుంది. నీలం తీగలో తిరిగి వెళ్తుంది. మిషను నడవడానికి ఈ రెండూ చాలు, మీ మేనేజరు అన్నది అంతవరకూ నిజమే. ఈ పచ్చదాని మీద పసుపు చార ఉంది చూశావా? ఇది ఎర్తు. మిషను ఇనుప ఒంటికి కలిపి ఉంటుంది. లోపల ఎక్కడైనా కరెంటు దారి తప్పి ఒంటిమీదికి వస్తే, దాన్ని నీలోంచి కాకుండా భూమిలోకి తీసుకుపోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆయన దీన్ని దేనికీ బిగించకుండా లోపలికి నెట్టాడు. వైరును క్లిప్పు కింద పట్టించలేదు. నువ్వు మిషను లాగావు, వైరు కదిలింది, ఈ ఊడిన కొస వెళ్లి కాఫీరంగు స్క్రూకి తగిలింది."

పిచ్చుకకు విషయం మెల్లగా అందింది. "అంటే... నన్ను కాపాడాల్సిన తీగే కరెంటును నా చేతికి తెచ్చిందా?"

"అంతే. తీగ తప్పు కాదు. దాని చోట దాన్ని ఉంచలేదు."

కారణం తెలిసేసరికి పిచ్చుకకు ఏదో బరువు దిగినట్టయింది. ఇన్నాళ్లూ ఆ దెబ్బ ఎక్కడి నుంచో వచ్చి పడ్డ పిడుగు అనుకుంది. అది ఒక వేలెడు తీగ, ఒక బిగించని స్క్రూ.

పంతులమ్మ కొత్త మూడు పిన్నుల ప్లగ్గు, కొత్త వైరు ముక్క, స్క్రూడ్రైవరు ఆమె ముందు పెట్టింది. "ఇప్పుడు నువ్వు."

మొదటిసారి పిచ్చుక పై తొడుగు కోస్తూ లోపలి తీగకు కూడా గాటు పెట్టింది. "ఆ ముక్క కోసెయ్, మళ్లీ మొదలుపెట్టు. గాటు పడ్డ తీగను నమ్మకు." రెండోసారి రాగి పోగులు మరీ పొడుగ్గా బయటికి వచ్చాయి. "స్క్రూ కింద పట్టేంత చాలు. మెలితిప్పు, ఒక్క పోగు కూడా మీసంలా బయటికి కనపడకూడదు." ఆవిడ ప్లగ్గు లోపల చెక్కి ఉన్న అక్షరాలు చూపించింది. ఎల్ దగ్గర కాఫీరంగు, ఎన్ దగ్గర నీలం, పెద్ద పిన్ను దగ్గర, ఈ అని ఉన్నచోట, పచ్చది.

"పచ్చదాన్ని మిగతా రెండింటి కన్నా కాస్త పొడుగు ఉంచు. ఎవరైనా గట్టిగా లాగి వైరు ఊడదీస్తే, ఆఖరికి ఊడేది అదే కావాలి. ఇంటికి పెద్దవాళ్లు అందరి తర్వాత పడుకుంటారే, అలాగ."

పిచ్చుక ఒక్కో తీగను లాగి చూసింది. కదల్లేదు. లోపలి తీగలను కాకుండా బయటి మందపాటి తొడుగును క్లిప్పు కింద పెట్టి బిగించి, మూత వేసింది. నుదుటి మీద చెమట పట్టింది. ఇంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదని అత్తగారు అన్నాకే ఆమెకు తెలిసింది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో" అంది పంతులమ్మ. "దేనికీ తగిలించని వైరుకు ప్లగ్గు నువ్వు వేసుకోవచ్చు. గోడ లోపలి సంగతి, మిషను లోపలి సంగతి మాత్రం లైసెన్సు ఉన్నవాళ్ల పని. ఆ మిషనును పరీక్ష చేయించకుండా మళ్లీ వాడొద్దని మీ బాబాయి ఇప్పటికే చెప్పి ఉంటాడు."

చెప్పాడు. ఆ మిషను అప్పటిదాకా గుడ్డ కప్పుకుని మూలనే ఉంది.

తర్వాతి వారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మిషను లోపల అంతా బాగుందని తేల్చాడు. గోడ సాకెట్టుకు ఎర్తు అందుతోందో లేదో చూసి, వదులుగా ఉన్న తీగ బిగించాడు. మెయిన్ పక్కన, కరెంటు దారి తప్పితే దానంతట అదే కిందికి పడి సరఫరా ఆపేసే స్విచ్చు ఒకటి పెట్టాడు. ఇక ప్లగ్గు వెయ్యబోతుంటే పిచ్చుక అడ్డం వచ్చింది.

"అన్నయ్యగారూ, అది నేను వేస్తానండీ. మీరు చూడండి, తప్పయితే చెప్పండి."

మేనేజరు బల్ల మీది కాగితాలు తీసి చోటు చేశాడు. పిచ్చుక బైండింగు బల్ల మీద వైరు పరిచింది. తొడుగు కోసింది. పోగులు మెలితిప్పింది. టైపు అమ్మాయి గుమ్మంలో గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. ఎలక్ట్రీషియన్ మూత వెయ్యకముందు ఒకసారి చూసి, మీటరు పెట్టి మిషను ఒంటి నుంచి పెద్ద పిన్ను దాకా ఎర్తు అందుతోందని చెప్పాడు. "మా దగ్గర పనికి చేరతావా అమ్మా?" అన్నాడు.

ప్లగ్గు సాకెట్టులో పెట్టింది. ఇక స్విచ్చు మిగిలింది. వేలు దాని దాకా వెళ్లి ఆగింది. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. నిదానం ప్రూఫు కింద పెట్టి కూర్చున్నాడు, ఎంతసేపైనా కూర్చునేలా.

ఆమె స్విచ్చు వేసింది. ఎర్రదీపం వెలిగింది. ఎలక్ట్రీషియన్ టెస్టరుతో మిషను ఒంటిని తాకి చూపించాడు. టెస్టరు వెలగలేదు. అప్పుడు పిచ్చుక ఎడమ చెయ్యి, ఆ మచ్చ ఉన్న చెయ్యే, మిషను మీద ఆనించింది. చల్లగా, మామూలుగా ఉంది.

మేనేజరు ముందుకు వచ్చాడు. "తప్పు నాదమ్మా. అందరి ముందూ చెబుతున్నాను. తెలియని పనిని చిటికెలో పని అన్నాను."

"మీరు నన్ను పట్టుకోడానికి చేతులు చాపి వచ్చారు సార్. బాబాయ్‌గారు నెట్టకపోతే మీరూ నా పక్కనే ఉండేవారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం మర్చిపోం" అంది పిచ్చుక.

మేనేజరు బైండింగు బల్ల అవతలికి నడిచాడు. "మీ పంతులమ్మగారు మన ఆఫీసుకొచ్చి అందరికీ నేర్పుతారేమో, కనుక్కోండి" అన్నాడు నిదానంతో.

ఆవిడ వచ్చింది. ఒక సాయంత్రం కంప్యూటర్లు కట్టేసి, అందరూ బైండింగు బల్ల చుట్టూ కూర్చున్నారు. మొదటి పాఠం ప్లగ్గు కాదు. అందరినీ లేపి మెయిన్ స్విచ్చు దగ్గరికి నడిపించి, ఒక్కొక్కరి చేతా దాన్ని కట్టేయించింది. కట్టెయ్యడానికి వీలు లేకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ స్టూలుతోనో మనిషిని ఎలా విడిపించాలో మేనేజరును బొమ్మగా నిలబెట్టి చూపించింది. మేనేజరు బొమ్మలాగే నిలబడ్డాడు. టైపు అమ్మాయి స్టూలుతో ఒక్కటి పొడిచేసరికి కెవ్వుమన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

చూడ్డానికి వచ్చిన అత్తగారు కూడా ఊరుకోలేదు. "నాకూ ఒక ప్లగ్గు ఇవ్వవమ్మా" అంటూ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చుంది. ఆవిడ ఎన్ని తప్పులు చేసినా పంతులమ్మ విసుక్కోలేదు. చివరికి అత్తగారి ప్లగ్గు కూడా సరిగ్గా కుదిరింది.

అంతా లేచి వెళ్తున్నప్పుడు పిచ్చుక పంతులమ్మ చేతులు పట్టుకుంది. వాటిని కళ్లకు అద్దుకుంది.

"ఇదేంటి, పిచ్చుకకి మాట రావడం లేదు?" అంది పంతులమ్మ.

"మీరు కనపడిన ప్రతిసారీ చెప్పాలనిపిస్తుంది పిన్నిగారూ. ఎలా చెప్పాలో తెలీదు."

"చెప్పొద్దులే. ఆదివారం మీ వీధిలో ఆడవాళ్లని పదిమందిని పోగెయ్. మీ అత్తగారిని సాయం పెట్టుకుని నేనొస్తాను."

"ఇంతేనా! పదిమందేం ఖర్మ, వీధి వీధంతా వస్తుంది" అంది అత్తగారు, తన ప్లగ్గును కొంగుకు ముడివేసుకుంటూ. అప్పటికే ఎవరెవరిని పిలవాలో పిచ్చుక గుక్క తిప్పుకోకుండా చెప్పడం మొదలుపెట్టింది.